చేతికి ఇవ్వని రాయి

మా ఇంట్లో సానరాయిని ఎవరూ ఎవరి చేతికీ ఇవ్వరు. కత్తి అయినా అంతే, కొడవలి అయినా అంతే. ఇచ్చేవాళ్ళు కింద పెట్టాలి, తీసుకునేవాళ్ళు కిందినుంచి తీసుకోవాలి. చేతికి చెయ్యి అందిస్తే ఆ ఇద్దరికీ కొట్లాట అవుతుందని మా మేనత్త నమ్మకం. ఈ ఒక్క విషయంలో మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి కూడా ఆమె మాట జవదాటదు. ఇంత పట్టింపుగా ఉంటూ కూడా ఇద్దరూ రోజూ కొట్లాడుకుంటారు, అదీ ఆ రాయి గురించే. ఆ సంగతి నేను ఎత్తి చూపితే ఇద్దరూ ఒక్కటై నా మీదికి వస్తారు.

ఇల్లు బోధన్‌లో, చక్కెర ఫ్యాక్టరీ వైపు పోయే పాత దారిలో. పెళ్ళి చేసుకోని నాకు పుట్టినప్పటినుంచీ అదే ఇల్లు. రుద్రూర్ దగ్గరి బడిలో సైన్సు చెప్పి మొన్నీమధ్యే రిటైరయ్యాను. ఇంట్లో మిగిలింది ముగ్గురం ఆడవాళ్ళం. మా నాన్న, బాపు అంటాం, పోయి చాలా ఏళ్ళయింది. మేనత్త బాపుకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే చంటిబిడ్డను చంకనేసుకొని పుట్టింటికి వచ్చేసింది. ఆ తర్వాతే బాపు పెళ్ళి జరిగింది. అంటే, మా అవ్వ ఈ గడప తొక్కేనాటికే అత్తమ్మ ఈ ఇంట్లో ఉంది. "నువ్వు రాకముందుకెల్లి" అన్న మాట లేకుండా అత్తమ్మ ఏ వాదనా మొదలుపెట్టదు. డెబ్బై దాటిన మా అవ్వను ఆమె ఇప్పటికీ "పిల్లా" అనే పిలుస్తుంది.

ఇక రాయి. జానెడుకు కాస్త ఎక్కువ పొడవు, అరచెయ్యి మందం. ఒక పక్క తిన్నగా, ఒక పక్క కొంచెం వంపుగా ఉంటుంది. నూరి నూరి పైభాగం గుంటపడింది. పసుపుపచ్చ రంగు. మా వాకిట్లో నీళ్ళ నల్లా పక్కన, ఎండ తగలని నీడలో, గోడకు ఆనించి ఉంటుంది. చుట్టుపక్కల ఎవరింట్లోనూ అలాంటి రాయి లేదు. మా వైపు రాళ్ళు నల్లవి, లేదంటే చుక్కల బూడిదరంగువి.

అత్తమ్మ నూరడం చూసి తీరాలి. గోనెసంచి తడిపి మడత వేసి, దాని మీద రాయి పెట్టి, కాలి బొటనవేలితో అదిమి పడుతుంది. చెంబులోంచి నీళ్ళు చిలకరిస్తుంది. కత్తిని ఒకే వాలులో తోస్తుంది, మాట్లాడదు. మామూలుగా నోరు మూతపడని మనిషి ఆ కాసేపూ మౌనం. అయ్యాక ఉల్లిగడ్డ పైపొర మీద కత్తి ఊరికే ఆనిస్తుంది. నొక్కకుండానే పొర తెగితే పని అయినట్టు. అప్పుడు కత్తి కింద పెడుతుంది, అవ్వ తీసుకొని కూరగాయలు తరుగుతుంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఒకరు నూరేవాళ్ళు, ఒకరు కోసేవాళ్ళు. మా ఇంటి వంట ఈ ఒప్పందం మీదే నడిచింది.

రాయి ఎవరిదన్న దగ్గర మాత్రం ఒప్పందం లేదు.

"మా బాపు ఇచ్చిన రాయి అది" అంటుంది అవ్వ. "మా ఊర్ల ఏ రాయి సూసినా గిట్లనే పచ్చగుంటుండె."

"నువ్వు రాకముందుకెల్లి ఈడనే ఉన్నది" అంటుంది అత్తమ్మ. "ఇది ఈ ఇంటి రాయి. మీ బాపు ఇచ్చింది నిన్ను ఒక్కదాన్నే."

దసరాకు పనిముట్లన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టేటప్పుడు ఈ తగువు మరీ ముదురుతుంది. రాయికి పసుపు ఎవరు పుయ్యాలి? అవ్వ పూస్తుంది. ఆమె లోపలికి పోగానే అత్తమ్మ దాని మీద ఇంకో పూత పూస్తుంది. మా కొడవళ్ళకు ఒక బొట్టు, రాయికి మాత్రం రెండు పూతలు.

ఇదంతా నవ్వుకునే సంగతిగానే ఉండేది, పోయిన ఎండాకాలం వరకు. జక్రాన్‌పల్లిలో ఉండే అత్తమ్మ కూతురు కొత్త ఇల్లు కట్టుకుంది. ఎన్నో ఏళ్ళుగా పిలుస్తున్న బిడ్డ, ఈసారి కింద గదిలో కిటికీ పక్కన మంచం కూడా వేయించి మరీ పిలిచింది. అత్తమ్మ సరేనంది. మామిడికాయ తొక్కు, అదే ఏడాదికి సరిపడా పచ్చడి, పెట్టుడు అయినంక పోతానంది. మేమంతా సంతోషపడ్డాం. ముసలితనంలో కూతురి దగ్గర ఉండాలని ఎవరికుండదు? అవ్వ కూడా "పో వదినె, నీ బిడ్డ కాడ కాలు మీద కాలేసుకొని కూసో" అని సాగనంపడానికి తయారైంది. తీరా చూస్తే, అత్తమ్మ సంచిలో రెండు జతల చీరలు, తమలపాకుల పెట్టె, వాటి కింద పాత తువ్వాలులో చుట్టిన సానరాయి.

అవ్వ దాన్ని తీసి మళ్ళీ నల్లా పక్కన పెట్టింది. మర్నాడు పొద్దున రాయి సంచిలో ఉంది. మధ్యాహ్నానికి నల్లా పక్కన ఉంది. ఇట్లా కొన్నాళ్ళు నడిచింది. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. ఎప్పుడూ అరుచుకునేవాళ్ళు నోరు మెదపకపోయేసరికి నాకు భయం పట్టుకుంది.

అవ్వ సంగతి నాకు తెలుసు. ఆమె పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. గోదావరి ఒడ్డున పసుపు పండించే ఊరు, పోచంపాడు డ్యాం నీళ్ళలో మునిగిపోయింది. ఊరు ఖాళీ చేసేనాటికి నేను అవ్వ కడుపులో ఉన్నానట, చూడడానికి కూడా పంపలేదట. పుట్టింటినుంచి తెచ్చుకున్న చీరలు చిరిగిపోయాయి. ఇత్తడి బిందెలు సొట్టలు పడితే స్టీలు గిన్నెలకు మార్చేసుకుంది. పిండిమిల్లు వచ్చాక ఇసుర్రాయిని, అదే తిరగలిని, ఎవరో అడిగితే ఇచ్చేసింది. మిగిలింది ఈ రాయి ఒక్కటే. అది కూడా పోతే ఆమె చెయ్యి పెట్టి "ఇది మా ఊరిది" అనడానికి ఏమీ ఉండదు. అటు అత్తమ్మకు కూడా పుట్టిన ఇంటిని విడిచి పోతూ ఆ ఒక్క రాయే కావాలనిపించింది. ఎవరికి ఇవ్వమని చెప్పాలి?

తెలియదు అన్న మాట నాకు చిన్నప్పటినుంచీ గిట్టదు. బడిలో పిల్లలు "తెల్వది టీచర్" అంటే "తెలుసుకో మరి" అని కసిరేదాన్ని. రాయి ఎక్కడిదో తేలిస్తే తగువు తీరుతుందనుకున్నాను. గోదావరి ఒడ్డు రాయైతే అవ్వది, ఇక్కడి రాయైతే అత్తమ్మది.

"అడుగు, ఎవర్నన్న అడుగు" అంది అవ్వ ధీమాగా.

"రాయికి నోరుంటదా? ఊకో" అంది అత్తమ్మ. ఆమె గొంతులో ఎందుకో జోరు లేదు. ఓడిపోతానని బెంగ పడుతోందని అప్పుడు అనుకున్నాను.

నిజామాబాద్‌లో నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. కాలేజీలో రాళ్ళ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రాయిని బట్టసంచిలో పెట్టుకొని బస్సెక్కాను. ఒళ్ళో బరువుగా ఉందని సంచి విప్పి సీటు మీద నా పక్కన పెట్టానో లేదో, కండక్టర్ చూశాడు.

"దేవునిదా మేడం?"

"కాదు బాబూ, కత్తులు నూరే రాయి."

నా మాట పక్కన కూర్చున్నావిడకు వినపడలేదు. పచ్చగా మెరుస్తున్న రాయిని తాకి కళ్ళకద్దుకుంది. ఆమెకు ఏం చెప్పాలో తోచక నేను కూడా బుద్ధిగా కూర్చున్నాను. నిజామాబాద్ బస్టాండులో దిగేలోపల ఇంకో ఇద్దరు దండం పెట్టారు.

పెద్దాయన రాయిని టేబుల్ మీద పెట్టుకొని భూతద్దంతో చాలాసేపు చూశారు. మేకుతో ఒక మూల గీశారు. నీటిచుక్క వేసి అది ఇంకడం చూశారు. నాలుకకు ఆనించి కూడా చూశారు.

"ఇసుకరాయి" అన్నారు చివరికి. "చాలా సన్నటి ఇసుక. అందుకే కత్తికి ఇంత మంచిగ పదును వస్తున్నది. బోధన్ దిక్కు నల్లరాయి, నిజామాబాద్ సుట్టు గ్రానైటు. ఇది రెండు దిక్కులది కాదు. గోదావరి కిందికి పోతే దొరుకుతది గిసొంటిది. కాకపోతె ఈ పచ్చరంగే నాకు సమజైతలేదు. ఇనుము ఉంటె పచ్చబడొచ్చు, కని గిట్ల ఉండది. మంచిగ కడిగి, ఎండకు పెట్టి, ఫోటో పంపుండ్రి టీచరమ్మా. అప్పుడు చెప్త."

ఇంటికి వచ్చి నేను చెప్పినదాంట్లో అవ్వ చెవిన పడింది ఒక్కటే మాట. "గోదారి అన్నడా లేదా?" అని మూడు సార్లు అడిగింది. నేను అన్నారనే చెప్పాను. ఆ రోజు సేమియా పాయసం చేసింది. తింటూ తింటూ వాళ్ళ ఊరి సంగతులు చెప్పింది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఊరు ఊరంతా పచ్చగా ఉండేదట. ఆరబెట్టిన కొమ్ముల మీద పొర్లి కుక్కల వీపులు పచ్చగా, పొడిలో తిరిగి కోళ్ళు పచ్చగా, తలుపులకు పిల్లల చేతుల అచ్చులు పచ్చగా. చెబుతున్నంతసేపూ ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది. అత్తమ్మ పాయసం గిన్నె ఖాళీ చేసి, పోయి పడుకుంది. అవ్వ గెలిచిందని నాకు హాయిగా ఉంది, అత్తమ్మను చూస్తే జాలిగా ఉంది.

కడగడం ఒక్కటి మిగిలింది. పెద్దాయన చెప్పాక చెయ్యకుండా ఉంటానా? మర్నాడు వాకిట్లో పీట వేసుకొని, బట్టల సబ్బు, పాత పళ్ళ బ్రష్షు పట్టుకొని కూర్చున్నాను. సబ్బు నురగ పట్టించి ఇలా రుద్దానో లేదో, రాయి ఎర్రబడింది. మామూలు ఎరుపు కాదు, గోరింటాకు పండినంత ఎరుపు. నా చేతులు ఎరుపు, పీట ఎరుపు, వాకిట్లో పారే నీళ్ళు ఎరుపు.

"అయ్యో, రాయికి రక్తం వస్తున్నది!" అని అవ్వ కేక పెట్టింది. పక్కింటివాళ్ళు గోడ మీదినుంచి తొంగిచూశారు.

నేను అలాగే కూర్చుండిపోయాను. తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత సిగ్గేసింది. ఏటా ఏడో తరగతి పిల్లల ముందు పసుపు పూసిన కాగితం పట్టుకొని, దాని మీద సబ్బునీళ్ళు వేసి, ఎర్రబడింది చూడండి అని చప్పట్లు కొట్టించిన మనిషిని నేను. పుట్టినప్పటినుంచి కళ్ళముందున్న రాయి పసుపుపచ్చగా ఎందుకుందో ఏనాడూ తట్టలేదు. పసుపు పచ్చగా ఉంటుందని మా ప్రాంతంలో ఎవరికైనా వేరే చెప్పాలా? అదే వచ్చింది తంటా. అన్నిటికీ పసుపు అంటుకొని ఉండే చోట, ఒక రాయికి కూడా అంటుకొని ఉండొచ్చని ఎవరూ అనుకోలేదు.

"రక్తం కాదవ్వా, పసుపు" అన్నాను. "రాయి రంగు కాదిది. లోపలిదాకా ఇంకిన పసుపు."

పసుపు మరక ఎండకు నిలవదు. బోధన్ ఎండకు అసలే నిలవదు. రోజూ కడిగి మిద్దె మీద పెట్టాను. పచ్చదనం పలచబడుతూ పోయి, చివరికి కింద ఉన్న అసలు రంగు బయటపడింది. బూడిదరంగు. ఎక్కడైనా కనిపించే మామూలు బూడిదరంగు. కిందికి తెచ్చి అరుగు మీద పెట్టాను. అవ్వ కళ్ళద్దాలు పెట్టుకొని వచ్చింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇది మాది కాదు" అంది.

అంతే. లోపలికి పోయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె ఇన్నేళ్ళూ ఆ రంగును చూసి ఊరిని గుర్తుపట్టుకుంటోంది. ఆ రంగును నేను పీట వేసుకొని కూర్చొని మరీ కడిగేశాను. తెలుసుకోవాలన్న నా పట్టుదల మీద నాకే కోపం వచ్చింది. అది ఏమీ తెలియని రాయిగా గోడకు ఆనుకొని ఉన్నప్పుడే బాగుండేది.

ఫోటో తీసి పెద్దాయనకు పంపాను. ఆయన కాసేపటికే ఫోన్ చేశారు. "టీచరమ్మా, ఆ వంపు సూసిండ్రా? గుండ్రంగ చెక్కినట్టున్నది. కింద గంట్లు కూడ కొట్టిండ్రు. ఇది ఊకె దొరికిన రాయి కాదు. ఏదో పెద్దదానిల ముక్క ఇది." ఆ మాట వినే ఓపిక నాకప్పుడు లేదు. సరే సార్ అని పెట్టేశాను.

విచిత్రం ఏమంటే, గెలిచిన అత్తమ్మ రాయిని సంచిలో పెట్టుకోలేదు. అది అరుగు మీదే ఉండిపోయింది. మర్నాడు మామిడికాయలు వచ్చాయి. మేము తొక్కుకు కాయలు కొట్టేది పాత చెరుకు కత్తితోనే, టెంక తెగాలంటే ఆ బరువు ఉండాలి. అత్తమ్మ గోనెసంచి తడిపి పరిచింది. రాయి పెట్టింది. కత్తి పట్టుకుంది. నూరలేదు. లోపలి వైపు చూసి పిలిచింది.

"ఇటు రాయే పిల్లా. నీతోని మాట్లాడేదున్నది."

అవ్వ వచ్చి గడప మీద కూర్చుంది.

"నీ పెండ్లి బండి వచ్చిన దినం యాదికున్నదా?"

"నాకేం యాదికుంటది వదినె? ఏడ్సుకుంట వస్తి. తల లేపితేగా."

"అందరు ముందటి తలుపు కాడ ఉండిరి, నీకు హారతి పడ్తుండ్రి. నన్ను ఎదురు రావొద్దని ఎన్క దొడ్లె ఉండుమన్నరు. మొగడు లేనిదాన్ని గద. సామాను బండి కూడ దొడ్లెకే వచ్చింది. దించుదమని గడ్డి తీసిన. గడ్డి కింద గోనెసంచిల మీ బాపు పంపిన ఇసుర్రాయి ఉన్నది. మీది బిల్ల పల్గి ఉన్నది. వాగు దాటంగ బండి ఎత్తేసినట్టుంది."

తిరగలి పైరాయి పగిలిందన్న మాట ఇన్నేళ్ళకు విని అవ్వ కళ్ళు పెద్దవయ్యాయి. అత్తమ్మ ఆమె వైపు చూడకుండా, రాయి వైపు చూస్తూ చెప్పుకుపోయింది.

"మా అవ్వ సంగతి నీకెర్కే. కొత్త కోడలు గడప దాటక ముందుకే ఇసుర్రాయి పల్గిందంటె ఊకుంటుండెనా? కోడలు పాదం మంచిగలేదంటుండె. లేకుంటె నేను ముట్టిన గాబట్టే పల్గిందంటుండె. నిన్నన్న అంటుండె, నన్నన్న అంటుండె. నీకు అప్పుడు ఎంత వయసున్నదని? గందుకే ఎవ్వలకు చెప్పలే. మా పాత ఇసుర్రాయి మూలకు వడి ఉంటుండె. దాని మీది బిల్ల తెచ్చి మీ కింది బిల్ల మీద వెట్టిన. జర చిన్నగైంది. ఎవ్వలు సూడలే."

అవ్వ ఒక్కసారి లేచి నిలబడింది. "గందుకేనా! గా ఇసుర్రాయి ఏనాడు సక్కగ తిరగకపాయె! జొన్నలు ఇసిరి ఇసిరి నా రెక్కలు పోయినయ్ వదినె! మా ఇంట్ల ఉన్నప్పుడు పూలోలె తిరుగుతుండె. అత్తగారింట్ల బరువైందంటె, అత్తగారిల్లంటె గిట్లనే ఉంటదేమో అనుకున్న!"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అత్తమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"పల్గిన ముక్కలు బాయిల ఏసిన" అంది. "ఇది ఒక్కటి మాత్రం ఏయబుద్ది కాలే. సన్నగ, మెత్తగ ఉన్నది. దొడ్లె కూసోని ఊకె కొడవలి నూరి సూసిన. మంచిగ తెగింది. గా దినాల నన్ను ఏ శుభానికి రానిస్తుండ్రి? పెండ్లిల పసుపు ముట్టొద్దు, పేరంటానికి పోవద్దు. నూరుడు మాత్రం వద్దనలే ఎవ్వలు. ఈ రాయి ఉన్నది గాబట్టి ఇంట్ల నాకో పనున్నది. నూరి నూరి నా రాయే అనిపించింది పిల్లా. కని పసుపు మీ ఊరిదే. మీ ఇంట్ల ఆ ఇసుర్రాయిల పసుపు ఇసురుతుండ్రేమో, గప్పుడే రాయంత పచ్చగుండె. నేను పూసిన పూతది కాదు ఆ రంగు."

అవ్వ వచ్చి నేల మీద కూర్చుంది. రాయిని తన వైపు తిప్పుకుంది. వంపు అంచుకు దగ్గరగా ఒక గుంట ఉంది. దసరా పసుపులూ మన్నూ గట్టిపడి ఇన్నేళ్ళూ పూడుకుపోయిన ఆ గుంట నేను బ్రష్షుతో రుద్దినప్పుడు తెరుచుకుంది. నేనది చూశాను గానీ పట్టించుకోలేదు. అవ్వ బొటనవేలు నేరుగా పోయి ఆ గుంటలో ఆగింది.

"ఇందుల పిడి ఉంటుండె" అంది మెల్లగా. "తుమ్మకట్టె పిడి. మా అవ్వ ఒక దిక్కు, నేనొక దిక్కు పట్టుకొని తిప్పుతుంటిమి. పసుపు ఇసిరితె తుమ్ములు వస్తుండె."

ఆమె చెయ్యి ఆ గుంటను పట్టుకొని రాయిని కొంచెంగా, ఒక పక్కకు తిప్పింది. గోనెసంచి మీద రాయి గరగరమంది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను. రంగును చూసి ఆమె ఊరిని గుర్తుపట్టడం తప్పేమీ కాదు. నేను కడిగిపారేసింది నిజంగా ఆ ఊరి పసుపే. పోతే పోయింది. ఆ కడగడంతోనే పిడి గుంట బయటపడింది.

"అత్త పోయినంకన్న చెప్పొద్దా వదినె?" అంది అవ్వ.

"చెప్తె నీదైతది గద" అంది అత్తమ్మ. అంతకంటే నిజాయితీగా ఎవరు చెప్పగలరు?

పెద్దాయనకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆయన పసుపు సంగతికి పడీ పడీ నవ్వారు. గోదావరి కింది వైపునుంచి వెనకట గాడిదల మీద ఇసుర్రాళ్ళు వేసుకొని ఊరూరా అమ్మేవాళ్ళట, అలా పైకి వచ్చిన రాయే అయ్యుంటుందన్నారు. అంటే ఆ రాయి పుట్టింది ఎక్కడో కింద, పెరిగింది మునిగిపోయిన ఊరిలో, పల్గింది ఎడ్లబండిలో, అరిగింది మా వాకిట్లో. ఎవరిదని తేల్చుదామని బయల్దేరిన నాకు ఇంత పొడుగు జవాబు దొరికింది.

తొక్కు పెట్టడం అయ్యింది. అత్తమ్మ ప్రయాణం దగ్గరపడింది. ఇప్పుడు తగువు తిరగబడింది. పొద్దున అవ్వ రాయిని తువ్వాలులో చుట్టి అత్తమ్మ సంచిలో పెడుతుంది. మధ్యాహ్నానికి అత్తమ్మ దాన్ని తీసి నల్లా పక్కన పెడుతుంది.

"నూరేదానివి నువ్వు. నాకెందుకు రాయి?" అంటుంది అవ్వ.

"నేర్సుకో. గంత పెద్దగైనవ్, కత్తి నూరరాదా?" అంటుంది అత్తమ్మ.

ఆ చివరి రోజుల్లో అవ్వ నిజంగానే నేర్చుకుంది. అవ్వ నూరుతుంటే అత్తమ్మ పక్కన కూర్చొని "గట్ల కాదు, వాలు, వాలు" అని మొత్తుకునేది. అవ్వ మోచేతితో ఆమెను పక్కకు నెట్టేది. ఉల్లిగడ్డ పొర ఒక పట్టాన తెగలేదు. తెగిన రోజున ఇద్దరూ ఆ ఉల్లిగడ్డను తెచ్చి నాకు చూపించారు.

బిడ్డ కారు పంపింది. అత్తమ్మ అందరికీ చెప్పి, గుమ్మం దాకా వచ్చి, ఆగి వెనక్కి వెళ్ళింది. నల్లా పక్కనుంచి రాయిని రెండు చేతులతో ఎత్తుకొని వచ్చింది. చివరికి మనసు మార్చుకుందేమో అనుకున్నాను, నాకు తప్పనిపించలేదు. ఆమె వచ్చి అవ్వ ముందు నిలబడింది. అవ్వ అలవాటుగా ఒకడుగు వెనక్కి వేసి, ఆమె కింద పెడుతుందని చూసింది. అత్తమ్మ కింద పెట్టలేదు. చేతులు చాపింది.

"కింద వెట్టు వదినె" అంది అవ్వ కంగారుగా. "చేతికిస్తె కొట్లాటైతది."

"కావాల్ననే ఇస్తున్న" అంది అత్తమ్మ. "కొట్లాట లేకుంటె గాడ నాకు పొద్దెట్ల పోతది? పట్టు."

అవ్వ పట్టుకుంది. రాయి బరువుకు ఇద్దరి చేతులూ కాసేపు ఒకదాని మీద ఒకటి ఉండిపోయాయి. కారు మలుపు తిరిగేదాకా అవ్వ దాన్ని అలాగే పొట్టకు ఆనించుకొని నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి, డబ్బాలోంచి పసుపు తీసి, నీళ్ళు కలిపి, బూడిదరంగు రాయికి ఒక పూత పూసింది. రెండో పూత కూడా తనే పూసింది.

పొద్దు గూకకముందే ఫోన్ మోగింది. అవ్వ నా చేతిలోంచి లాక్కుంది.

"చేరినవా వదినె? మంచిగున్నదా మంచం? సరే గని, ఒకటి అడుగుత. మా బాపు రాయిని ఇన్నేండ్లు ఒక్క దిక్కే ఎందుకు నూరినవ్? రెండో దిక్కు ఏం పాపం చేసింది?"

అటువైపు ఏమన్నదో నాకు వినపడలేదు. చాలాసేపు గట్టిగా మాత్రం అన్నది. అవ్వ ఫోన్ చెవికి పెట్టుకొని, నల్లా పక్కన పీట వేసుకొని, హాయిగా కూర్చుంది.